అమ్మతో కాశీలో తొమ్మిది రాత్రులు: మా ఇంట్లో లగేజీ గొడవ మీరే తీర్చాలి

సుధ_బెజవాడ
డిసెంబరు మూడో వారంలో అమ్మను కాశీ తీసుకెళ్తున్నాను. అమ్మకి 69. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాల్సిందేనని పట్టు. వెళ్లేది నేను, అమ్మ, మా ఆయన. ఇంకా 20 రోజులు ఉండగానే అమ్మ పెద్ద సూట్‌కేసు మంచం మీద తెరిచి పెట్టేసింది. ఇప్పటిదాకా అందులో చేరినవి: రోజుకొకటి చొప్పున తొమ్మిది చీరలు, గుడికని వేరే రెండు పట్టుచీరలు, కిలో కందిపొడి, సీసాడు ఆవకాయ, ఇంగువ, చిన్న రైస్ కుక్కర్, రెండు దుప్పట్లు, ఇత్తడి చెంబు. నిన్న తూకం వేస్తే 21 కిలోలు. స్వెట్టర్లు ఇంకా పెట్టనే లేదు. సత్రం పాండే ఘాట్ దగ్గర సందు లోపల. అక్కడిదాకా కారు రాదన్నారు. పెట్టాల్సినవి అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు, తీసేయాల్సినవి చెప్పండి. నా మాట వినదు. పదిమంది రాస్తే చదివి వినిపిస్తాను.

రైలుబండి
చక్రాలున్న సూట్‌కేసే కదా. లాక్కుంటూ పోతారు. దీనికింత టెన్షన్ ఎందుకు?

చిల్లర_శీను
రైలుబండి గారు కాశీ స్టేషన్ దాకా వెళ్లి అదే రైల్లో వెనక్కి వచ్చినట్టున్నారు.

వాసు_లంక
యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చి పదకొండేళ్లుగా ఇక్కడే ఉండిపోయాను. ఉండేది లంకలో (రావణుడిదీ కాదు, కోనసీమదీ కాదు, హిందూ విశ్వవిద్యాలయం గేటు ముందున్న పేట). ఏటా మన ఊళ్ల నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులు మోసి మోసి నా కుడి భుజం కాస్త కిందికి వంగింది, కాబట్టి చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

పాండే ఘాట్ అంటే మీరు పాండే హవేలీ దగ్గర మెయిన్ రోడ్డు మీద ఆటో దిగుతారు. అక్కణ్ణుంచి సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. కింద పరిచినవి రాతి పలకలు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి, మధ్యలో సందులు. చక్రం ఆ సందులోకి దిగిందా, అంతే. మధ్యమధ్యలో కారణం లేకుండా మూడు మెట్లు వస్తాయి. ఎదురుగా ఎద్దు వస్తుంది. వెనక నుంచి హారన్ కొట్టుకుంటూ బైకు వస్తుంది. పోయినేడు మా పిన్ని సూట్‌కేసు చక్రం ఊడి పేడలో పడితే దాన్ని తీసి కడిగి పిన్ని బ్యాగులో దాచుకుంది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

నది ఒడ్డు నుంచి, అంటే పడవలో వచ్చి ఘాట్ దగ్గర దిగితే, అది ఇంకో కథ. నిలువు మెట్లు. ఊరంతా పడమటి ఒడ్డున ఎత్తు మీద ఉంది. గంగ ఇక్కడ ఉత్తరం వైపు పారుతుంది కాబట్టి ఘాట్లన్నీ తూర్పు ముఖం. పొద్దున చూడ్డానికి అద్భుతం. సామాను మోసేవాడికి మాత్రం వీపు మీద ఎండ.

నా లెక్క ఒక్కటే: మనిషికి ఒక వీపు బ్యాగు, చేతిలో ఒక చిన్న సంచి. ఎవరి బ్యాగు వాళ్లు రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని మోయగలగాలి. అమ్మగారి బ్యాగు మీ ఆయనది.

సుధ_బెజవాడ
చివరి వాక్యం మా ఆయనకి చూపించాను. చదివి ఫోను నాకే తిరిగిచ్చేశాడు, ఏమీ అనలేదు.

టీచరమ్మ_రిటైర్డ్
అందరూ ఆవిడ మీద పడకండి. 69 ఏళ్ల మనిషి తన దుప్పటి తనకు ఉండాలనుకోవడంలో తప్పేముంది? నాకు 72. నేనూ పోయిన ఫిబ్రవరిలో తొమ్మిది రాత్రులు ఉండి వచ్చాను. తల్లి గర్భంలో తొమ్మిది నెలలకు తొమ్మిది రాత్రులని మా అమ్మమ్మ చెప్పేది. నా దుప్పటి పట్టుకెళ్లాను, సుఖంగా పడుకున్నాను. సత్రాల్లో ఇచ్చే రగ్గులు ఎంతమంది కప్పుకున్నవో ఎవరికి తెలుసు. సుధా, ఒక దుప్పటి ఉండనీ. రెండోది తియ్యి. కుక్కర్ మాత్రం తీసెయ్యమ్మా. మన సత్రాల్లో మధ్యాహ్నం చక్కగా మన భోజనమే పెడతారు. పైగా చాలాచోట్ల గదుల్లో వంట చేయనివ్వరు. కందిపొడి పావుకిలో చాలు.

తొమ్మిది చీరలు మటుకు అనవసరం. నేను నాలుగు నూలు చీరలతో గడిపేశాను. ఉతికితే మర్నాటికి ఆరతాయి.

మిరపకాయ్_బజ్జీ
ఆరతాయి, కోతులు వదిలితే. మేము సత్రం డాబా మీద ఆరేసిన మా నాన్న పంచె పక్క మేడ మీద ఒక కోతి కప్పుకుని కూర్చుంది. దాని మొహంలో ఎంత ప్రశాంతత అంటే, అడగాలనిపించలేదు.

కాబట్టి తాడు, క్లిప్పులు తీసుకెళ్లండి. గదిలోనే ఆరేసుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు సంకట్ మోచన్ హనుమంతుడి గుడి దగ్గర కోతులతో జాగ్రత్త. ఇంకో జత కళ్లజోడు బ్యాగులో ఉండాలి. ఇది జోకు కాదు.

నీలిగొడుగు
టీచరమ్మ గారూ, మీరు వెళ్లింది ఫిబ్రవరి చివర్లో అయితే ఎండ ఉంటుంది కదండీ. డిసెంబరులో పొగమంచు పడితే మధ్యాహ్నం దాకా సూర్యుడే కనిపించడు, నూలు చీర రెండు రోజులైనా ఆరదు. నాలుగు కాకుండా ఆరు పెట్టుకోమనండి. వాటిలో రెండు సింథటిక్. మావారి జీన్స్ ప్యాంటు మూడు రోజులు తడిగానే ఉంది. చివరికి తడిది కవర్లో చుట్టి ఇంటికి తెచ్చాం. వాసన నాకింకా గుర్తుంది.

టీచరమ్మ_రిటైర్డ్
నిజమే, నాది ఫిబ్రవరి చివరే. ఆరు అనుకుందాం.

కరీంనగర్_రవన్న
అందరు చీరల కాడనే ఆగిన్రు. చెప్పుల సంగతి ఎవరన్నా చెప్తరా? నేను చెప్త.

కాశి అంటే నడకనే నడక అని కొత్త స్పోర్ట్స్ బూట్లు కొన్న. మొదటి రోజు విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, మధ్యల చిన్న గుళ్లు. లేసులు ఇప్పు, లేసులు కట్టు. పద్నాలుగు సార్లు లెక్కవెట్టిన. వంగి లేసి వంగి లేసి నడుము పట్టుకున్నది. పదిహేనోసారి బయటికి వచ్చి చూస్తే బూట్లే లేవు. లేసుల బాధ తీరింది. అక్కడ్నే హవాయి చెప్పులు కొన్న. అయి వేస్కొని సాయంత్రం ఘాట్ మెట్లు దిగుతుంటే పాచి మీద జర్రున జారిన. మోచెయ్యి కొట్టుకపోయింది. మా ఆమె గంగాహారతి చూసింది, నేను మోచెయ్యి చూస్కుంట కూసున్న.

కొత్త బూట్లూ వద్దు, హవాయి చెప్పులూ వద్దు.

నీలిగొడుగు
మరి ఏది కావాలో కూడా చెప్పండి రవన్నా.

కరీంనగర్_రవన్న
మడిమ ఎనుక పట్టీ ఉన్న సాండల్. పట్టీ అంటుకునేది ఉండాలె, బకిల్ వద్దు. కింద గాడులు లోతుగ ఉండాలె. నెల రోజులు ఇంట్ల తొడిగి అలవాటైనయి. కొత్తయి అసలే వద్దు. ఇంకోటి, గుడి ముంగట విడిచేటప్పుడు ఒక చెప్పు ఇక్కడ, ఒక చెప్పు అక్కడ పెడ్తె ఎవ్వడు ఎత్కపోడు. లేదంటే గుడ్డసంచిల ఏస్కొని కౌంటర్ల ఇయ్యాలె.

చిల్లర_శీను
మా మామయ్య అలాగే విడివిడిగా పెట్టి, రెండోది ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. దొంగ అయితే కనీసం రెండూ తీసుకెళ్లేవాడు.

పద్మజ_వైజాగ్
నేను చెప్పేది ఎవరి లిస్టులోనూ ఉండదు, దయచేసి చదవండి. ఒక కాగితం. దాని మీద సత్రం పేరు, ఘాట్ పేరు, సందు గుర్తు హిందీలో రాయించి, కింద మీ ఫోన్ నంబరు వేసి, పెద్దవాళ్ల దగ్గర ఉంచండి.

ఎందుకంటే విశ్వనాథుడి గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. మేము నలుగురం ఫోన్లన్నీ సత్రం గదిలో తాళం వేసి వెళ్లాం. బయటికి వచ్చేటప్పుడు జనం తోపులాటలో నాన్న విడిపోయారు. 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక గుడికి గంగ వైపు నుంచి కూడా దారి వచ్చింది కదా. మేము వెళ్లిన వైపే బయటికి వచ్చాం, నాన్న గంగ వైపు దిగిపోయారు. ఆయనకి హిందీ రాదు. సత్రం పేరు గుర్తుంది గానీ, ఆ పేరుతో కాశీలో నాలుగు ఉన్నాయి. ఫోను లేదు, నా నంబరు కంఠతా రాదు. ఈ రోజుల్లో ఎవరికి వస్తుంది?

రెండు గంటలపైన వెతికాం. నేను ఏడుస్తూ ఘాట్ల వెంబడి నడుస్తున్నాను. కేదార్ ఘాట్ దగ్గర ఒక పడవ అబ్బాయి తెలుగులో "అమ్మా, పెద్దాయన? నీలం స్వెట్టర్?" అన్నాడు. నాన్న అతని పడవలో కూర్చుని టీ తాగుతున్నారు. నన్ను చూసి "ఎక్కడికెళ్లిపోయావే?" అని నన్నే కోప్పడ్డారు.

మర్నాడు పొద్దున మొదటి పని, నలుగురికీ నాలుగు కాగితాలు. నాన్న జేబులో, అమ్మ జాకెట్లో పర్సులో. కాగితాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, గంగలో మునిగితే తడుస్తుంది. మామూలు ముల్లు గడియారం కూడా పెట్టుకోండి. స్మార్ట్ వాచీ లోపలికి రానివ్వరు, టైము తెలియక అల్లాడతాం.

సుధ_బెజవాడ
పద్మజ గారూ, ఇది చదివి అమ్మ మొదటిసారి సూట్‌కేసు దగ్గర్నుంచి లేచి వచ్చింది. కాగితం ఇప్పుడే రాయమంటోంది. హిందీలో రాయడం మా ఆయన వంతు.

వాసు_లంక
మా ఇంటికి ఎవరొచ్చినా ముందు చెప్పేది పద్మజ గారి కాగితం లాంటిదే. తోలు బెల్టు, తోలు పర్సు కూడా ఆ రోజు గదిలోనే వదిలేయండి. గుడికి ఒక చిన్న గుడ్డ సంచి, అందులో కాస్త డబ్బు, ఆధార్ జిరాక్సు. అంతే. లాకర్లు ఉంటాయి, షాపుల వాళ్లూ దాస్తారు, కానీ లైనులోంచి బయటికొచ్చి మళ్లీ పెట్టుకుని రావడం ఎందుకు?

సత్రాల్లో ప్రతి ఒక్కరి ఆధార్ అడుగుతారు. జిరాక్సులు తలా మూడు పెట్టుకోండి.

డల్లాస్_బాబాయ్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. జనవరిలో ఇండియా వస్తున్నాం, కాశీ మూడు రోజులు. మా బాబుకి రెండేళ్లు. స్ట్రోలర్ తీసుకురావచ్చా? మాది పెద్ద చక్రాలది, గులకరాళ్ల మీద కూడా వెళ్తుంది.

చిల్లర_శీను
బాబాయ్, ఎద్దు మీద కూడా వెళ్తుందా?

నీలిగొడుగు
శీను ఆగు. డల్లాస్ బాబాయ్ గారూ, స్ట్రోలర్ వద్దు. మెట్లు వచ్చిన ప్రతిసారీ దాన్నీ, పిల్లాడినీ విడివిడిగా మోయాలి. ఛాతీకి కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి. లేదా మన పాత పద్ధతి, తాతగారి భుజం. పిల్లాడికి చెవులు మూసే టోపీ, లోపల వేసే థర్మల్ జత తప్పనిసరి. అక్కడి చలిని తక్కువ అంచనా వేయకండి.

డల్లాస్_బాబాయ్
చలా? మేము మంచు తుపాన్లు చూశాం అమ్మా.

నీలిగొడుగు
మీరు చూసింది హీటర్ ఉన్న ఇంట్లోంచి. కాశీలో తెల్లవారుజామున మూడింటికి మంగళ హారతికి వట్టి కాళ్లతో చలువరాయి మీద నిలబడి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

పద్మజ_వైజాగ్
😂 నీలిగొడుగు గారిదే గెలుపు.

నీలిగొడుగు
నిజంగా అంటున్నాను. మన తెలుగువాళ్లం చలికి సిద్ధంగా వెళ్లం. "స్వెట్టర్ ఒకటి ఉంది కదా" అనుకుంటాం. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. గదుల్లో హీటర్ ఉండదు, గచ్చు మంచుగడ్డలా ఉంటుంది. ఒక లావు స్వెట్టర్ కన్నా ఒకదానిమీద ఒకటి వేసుకునేవి మేలు: లోపల థర్మల్, పైన పల్చటి స్వెట్టర్, ఆపైన శాలువా. పదకొండింటికి ఎండొస్తే ఒక్కొక్కటే తీసేయొచ్చు. అమ్మగారికి చీర లోపల థర్మల్ ప్యాంటు వేయించండి. మొదట "ఛీ" అంటారు, రెండో రోజు అడిగి వేసుకుంటారు. మా అత్తగారి అనుభవం.

సాక్సులు నాలుగు జతలు. నేను లైనులో సాక్సులతోనే నిలబడ్డాను. నేల తడి, పాలు, నీళ్లు, పూలు. పది నిమిషాల్లో సాక్సులు నానిపోయాయి. వాటిని విప్పి, పిండి, కొంగున ముడేసుకుని దర్శనం చేసుకున్నాను. శివుడికి అభిషేకం, నాకు కొంగంతా అభిషేకం. పొడి జత ఒకటి చిన్న కవర్లో దగ్గర పెట్టుకుంటే బయటికి రాగానే ప్రాణం లేచొస్తుంది.

రైలుబండి
చక్రాల విషయంలో నా తప్పు ఒప్పుకుంటున్నాను, కాశీ నేను చూడలేదు. ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేశాను గనక రైలు సంగతి మాత్రం చెప్పగలను. సుధ గారూ, రైలా, విమానమా?

సుధ_బెజవాడ
వెళ్లేది రైలు, వచ్చేది విమానం. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్.

రైలుబండి
అయితే వినండి. అది కాశీ వెళ్లదు. మీరు దిగేది దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్లో. 2018లో పేరు మార్చారు, మన పెద్దవాళ్లు ఇప్పటికీ మొఘల్‌సరాయ్ అనే అంటారు. అక్కణ్ణుంచి గంగ దాటి ఆటోలోనో ట్యాక్సీలోనో ఊళ్లోకి రావాలి. డిసెంబరు మూడో వారమంటే ఉత్తరాదిన పొగమంచు కాలం. డ్రైవరుకి సిగ్నలు కనబడదు, వేగం తగ్గిస్తారు, ఒక బండి ఆగితే వెనకాల వరసగా అన్నీ ఆగుతాయి. ఆరేడు గంటల ఆలస్యానికి మానసికంగా సిద్ధపడండి.

అందుకని పెద్ద బ్యాగు సీటు కిందికి తోసేశాక చేతికందేలా ఒక సంచి ఉండాలి. అందులో మందులు (కాశీలో ఉండే రోజులకి మరో మూడు రోజులు కలిపి), ఒక పూట అదనపు తిండి, నీళ్లు, శాలువా, టార్చి లైటు, పవర్ బ్యాంకు. పులిహోర మొదటి రోజుకి. రెండో రోజుకి చపాతీలు, అటుకులు. ఆవకాయ సీసా గాజుదైతే దేవుడే కాపాడాలి.

తిరుగు విమానానికి: గంగాజలం చెంబు చేతి సంచిలో రానివ్వరు, చెకిన్ బ్యాగులో వేయండి. మూత చుట్టూ సీలు వేసిన రాగి చెంబులు అక్కడ అమ్ముతారు, అవి కూడా కవర్లో చుట్టండి. ఎండుకొబ్బరి ఉంటే విమానంలోకి వద్దు.

చిల్లర_శీను
రైలుబండి గారికి మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముప్పై ఏళ్లు రైల్వేలో ఉండి కాశీ ఎందుకు చూడలేదు సార్?

రైలుబండి
సెలవు దొరకలేదు.

టీచరమ్మ_రిటైర్డ్
సుధా, మీవాళ్లకి పిండప్రదానాలు ఏమైనా ఉన్నాయా? ఉంటే బ్యాగులో అన్నిటికన్నా ముందు పెట్టాల్సింది పేర్ల పట్టిక. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, గోత్రాలతో సహా. ఆపైన పిన్నులు, బాబాయిలు, అత్తలు, మామలు, గురువులు, స్నేహితులు, ఎవరి పేరు చెప్పాలనుకుంటే వాళ్లవి. మేము ఐదు ఘాట్లలో పడవ మీద శ్రాద్ధం పెట్టించాం. పంతులుగారు "ముత్తాతగారి పేరు?" అన్నారు. మా వారు నా వైపు చూశారు. వాళ్ల ముత్తాత పేరు నాకేం తెలుసు? పడవ గంగ మధ్యలో ఉంది, మా వారు తెనాలిలో పెద్దన్నయ్యకి ఫోన్లు. సిగ్నల్ వస్తుంది, పోతుంది. "వెంకట... ఏమిటి? వెంకట ఏమిటి అన్నయ్యా?" అని అరుస్తున్నారు. పక్క పడవలో వాళ్లు కూడా మాకోసం ఆగారు.

ఇంట్లో ఉన్న పెద్దవాళ్లని ఇప్పుడే అడిగి రాసుకోండి. మగవాళ్లకి రెండు పంచెలు, ఒక ఉత్తరీయం. తడి బట్టలు పెట్టుకోడానికి మందపాటి కవర్లు రెండు.

సుధ_బెజవాడ
నాన్నగారిది ఉంది టీచరమ్మగారూ. తమ్ముడు రాలేకపోతున్నాడు, మా ఆయన పెడతానన్నాడు. పేర్లు అడిగితే అమ్మ నాన్న వైపు ముత్తమ్మమ్మ పేరుతో సహా గడగడా చెప్పేసింది. నేను రాసుకుంటుంటే "ఇవన్నీ రాయడం దేనికి, నేను వస్తున్నానుగా" అంది.

కరీంనగర్_రవన్న
గిసొంటి అమ్మ ఉంటే సూట్‌కేస్ నలభై కిలోలున్నా మొయ్యొచ్చు.

మిరపకాయ్_బజ్జీ
తిండి గురించి ఒక్క మాట. ఊరగాయలు మోసుకెళ్లి కాశీలో తినకుండా రాకండి. పొద్దున కచోరీ, జిలేబీ. చలికాలంలో మాత్రమే దొరికే మలయ్యో అని ఒకటి ఉంటుంది. పాల నురగ, కుంకుమపువ్వు రంగులో, మట్టి ముంతలో పోసిస్తారు. నోట్లో పెట్టుకుంటే ఏమీ లేనట్టే కరిగిపోతుంది. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే ఉండదు. దానికి మీ బ్యాగులో ఏం కావాలంటే, ఖాళీ కడుపు.

వాసు_లంక
మలయ్యో పేరు చెప్పిన బజ్జీ గారికి నమస్కారం. మందుల్లో విరేచనాలకి, ఎసిడిటీకి కూడా పెట్టుకోండి, రెండో కచోరీ దగ్గర ఎవరూ ఆగరు. మాస్కులు కూడా. సందుల్లో దుమ్ము, మణికర్ణిక ఘాట్ వైపు చితుల పొగ. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి.

మోకాళ్ల నొప్పులుంటే మడిచే చేతికర్ర. అమ్మగారు "నాకెందుకు కర్ర" అంటారు. ఘాట్ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు. కొన్నిచోట్ల ఒక్కో మెట్టు మోకాలి దాకా వస్తుంది, పట్టుకోడానికి రెయిలింగ్ ఉండదు. అస్సీ నుంచి దశాశ్వమేధం దాకా గంగ ఒడ్డునే నడవొచ్చు, మూడు కిలోమీటర్ల లోపే. కానీ ఎక్కడం దిగడం కలుపుకుంటే ఆరు నడిచినట్టు ఉంటుంది. డిసెంబరు కాబట్టి ఈ నడక కుదురుతుంది. వానాకాలం చివర్లో వచ్చేవాళ్లకి ఘాట్లు నీళ్లలో ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఒడ్డున దారే ఉండదు. వరద తీశాక మెట్ల మీద బురద, పైపులతో నీళ్లు కొట్టి కడుగుతుంటారు.

చిల్లర_శీను
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, మన విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లిన త్రైలింగ స్వామి కాశీలో ఏళ్ల తరబడి ఉన్నారు. లగేజీ సున్నా. ఒంటి మీద గుడ్డ కూడా లేదు. చలి లేదు, చాకిరేవు లేదు, కోతి బెడద లేదు.

టీచరమ్మ_రిటైర్డ్
శీనూ, నువ్వు అలా వెళ్లు నాయనా, మేము వీడియో చూస్తాం.

పద్మజ_వైజాగ్
ఇంకో వైపు ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి కాశీ చూసుకుని తిరిగొచ్చేసరికి 1831 సెప్టెంబరు. డేరాలు, పల్లకీలు, బోయీలు, వంద మంది దాకా పరివారం. సుధ గారి అమ్మగారి 21 కిలోలు ఆయన ముందు ఎంత?

సుధ_బెజవాడ
అమ్మకి ఇది మాత్రం చదివి వినిపించను.

నీలిగొడుగు
ఒకటి మర్చిపోయాం. వచ్చేటప్పుడు బరువు పెరుగుతుంది. గంగ చెంబులు, అన్నపూర్ణ విగ్రహాలు, కాశీ దారాలు, ఊళ్లో అందరికీ తలా ఒకటి. బనారస్ చీరల సంగతి సరేసరి. వెళ్లేటప్పుడు బ్యాగు మూడో వంతు ఖాళీగా ఉండాలి. మడిచిపెట్టే పల్చటి సంచి ఒకటి అడుగున వేసుకోండి.

చిల్లర_శీను
కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలిపెట్టాలంటారు కదా. కాయ, పండు ఎందుకు, ఆ సూట్‌కేసు వదిలేసి రమ్మనండి.

సుధ_బెజవాడ
నెల దాటాక రాస్తున్నాను, క్షమించాలి. వెళ్లాం, తొమ్మిది రాత్రులూ పూర్తయ్యాయి, వచ్చి పది రోజులైంది. జలుబు తప్ప అందరం క్షేమం.

చివరికి సూట్‌కేసు మానేసి మూడు వీపు బ్యాగులు. అమ్మది ఆరు కిలోలు, అదీ మా ఆయన ముందు వైపు వేసుకుని మోశాడు, వెనకాల ఆయనది. సందులో ఆయన్ని చూసి ఒక ఆవు పక్కకి తప్పుకుంది. వాసు గారు చెప్పిన మూడు మెట్లు నిజంగానే ఏ కారణం లేకుండా వచ్చాయి.

బాగా పనికొచ్చినవి చెప్తాను. కాగితం, నీలిగొడుగు గారి పొడి సాక్సులు, రైలుబండి గారి చేతి సంచి. రైలు ఎనిమిది గంటలు లేటు, పొలాల మధ్య ఆగిపోయింది, అటుకులతో మా పెట్టెలో సగం మందికి ఉప్మా లేని ఉప్మా పెట్టింది అమ్మ. థర్మల్ ప్యాంటు మొదటి రోజు "ఛీ" అంది. రెండో రోజు కాదు, మొదటి రాత్రే అడిగి వేసుకుంది. చేతికర్ర మూడు రోజులు బ్యాగులోంచి తియ్యనివ్వలేదు. నాలుగో రోజు కేదార్ ఘాట్ మెట్ల మధ్యలో ఆగిపోయి, ఏమీ అనకుండా చెయ్యి చాపింది. నేనూ ఏమీ అనకుండా ఇచ్చాను.

పనికిరానివి: రెండు పట్టుచీరలు (ఒకటి కట్టింది, కొంగంతా తడిసి బురదైంది), గొడుగు, నా హెయిర్ డ్రయ్యర్. అవును, నేనూ ఒకటి దాచి పెట్టుకున్నాను, సాక్సులు ఆరబెట్టడానికి వాడాను కాబట్టి పూర్తిగా దండగ కాదు. దుప్పటి విషయంలో టీచరమ్మగారి మాటే నిజం, అమ్మ రగ్గు కింద తన దుప్పటి కప్పుకునే పడుకుంది.

నాన్నకి పిండం పెట్టిన రోజు పడవలో మా ఆయన పట్టిక తీయబోతే, పంతులుగారు అడిగిన ప్రతి పేరూ ఆయన నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది. చివర్లో నా పట్టికలో లేని పేరు ఒకటి చెప్పింది. మా ఇంట్లో నలభై ఏళ్లు పనిచేసిన ముసలమ్మది.

అమ్మ జామపండు వదిలేసింది. మా ఆయన బ్యాగులు మోయడం వదిలేశానంటున్నాడు.

రైలుబండి
ఎనిమిది గంటలా. ఆరేడు అన్నాను, తక్కువ చెప్పాను. నేను మార్చిలో టికెట్లు తీశాను. వెళ్తున్నాం.

కరీంనగర్_రవన్న
చెప్పులు అన్నా, చెప్పులు.

సుధ_బెజవాడ
అమ్మ ఇందాక ఇదంతా కూర్చుని మొదట్నుంచీ చదివించుకుంది. రెండు మాటలు రాయమంది. ఒకటి, రైలు ఆగిపోయిన రాత్రి కుక్కర్ ఉండి ఉంటే పెట్టెలో అందరికీ వేడి అన్నం వండేదట.

వాసు_లంక
రైల్లో కుక్కర్ పెడితే మిమ్మల్ని పొలాల్లోనే దింపేస్తారమ్మా 😀 రెండో మాట ఏంటి?

సుధ_బెజవాడ
మీకు పెళ్లయిందా అని అడగమంది.